బడి డాబా పిట్టగోడ పెంచాలి: ఇటుక కట్టాలా, రెయిలింగ్ పెట్టాలా?

బడిగంట
మా హైస్కూలు బిల్డింగు, కింద ఒక అంతస్తు, పైన ఒకటి. శ్లాబు ఐదు అంగుళాలు, కొలత 30 మీటర్లు × 8 మీటర్లు. డాబా చుట్టూ పిట్టగోడ రెండడుగులే, నాలుగున్నర అంగుళాల ఇటుక. బంతి కోసం, సంక్రాంతి ముందు గాలిపటాల కోసం పిల్లలు పైకెక్కేస్తున్నారు. ఆ గోడ మీదే ఇంకో రెండడుగులు కట్టేస్తే చాలంటున్నాడు మేస్త్రి. చాలుతుందా? పక్కనే భోజనాల షెడ్డు, సిమెంటు రేకులు.

సైటుపుస్తకం
మాస్టారూ, ఆ పని చేయించకండి. పాత పిట్టగోడకి శ్లాబులోంచి ఇనుము లేచి ఉండదు, ఉత్త మాలు మీద నిలబడి ఉంటుంది. దాని ఎత్తు నాలుగడుగులు చేస్తే, నలుగురు పిల్లలు ఆనుకున్నప్పుడు అట్టడుగు వరసలోనే విడిపోతుంది.

గోడ నెత్తిన రెయిలింగ్ బిగించడం ఇంకో తప్పు. రెండడుగుల గోడ పిల్లాడికి మెట్టు. అది ఎక్కాక రెయిలింగ్ నడుం కిందికే వస్తుంది. ఎత్తు కొలవాల్సింది కాలు ఆనే చోటు నుంచి.

కాబట్టి గోడకి లోపలివైపు, శ్లాబు మీంచే నాలుగడుగుల రెయిలింగ్ లేపండి. స్తంభాలకి రెండించుల జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు), బి క్లాసు అంటే మధ్యరకం మందం, ఐదడుగులకి ఒకటి. వెల్డరు ఇంచిన్నర పైపు చాలంటాడు. మీటరుకి 75 కిలోల తోపు లెక్కేస్తే అది అడుగు దగ్గరే వంగుతుంది. అడుగున 6 × 6 అంగుళాల, 10 ఎంఎం ప్లేటు, నాలుగు 12 ఎంఎం కెమికల్ యాంకర్లు (కాంక్రీటుకి రంధ్రం వేసి జిగురుమందుతో పాతే బోల్టులు), కాంక్రీటులోకి 90 ఎంఎం. పైనున్న సున్నం సుర్కీ (ఇటుక పొడి) పొర చెక్కి, కాంక్రీటు కనపడ్డాకే ప్లేటు కూర్చోబెట్టాలి. పొర మీదే బిగిస్తే రెండు వానాకాలాలకి బోల్టులు ఊగుతాయి, కింద గది కారుతుంది.

మధ్యలో అడ్డ కడ్డీ వద్దు, అది నిచ్చెన అవుతుంది. 12 ఎంఎం చదరపు కడ్డీలు నిలువుగా, సందు నాలుగు అంగుళాలు దాటకుండా. మీ 76 మీటర్లకి సుమారు 52 స్తంభాలు, 208 యాంకర్లు, 650 కడ్డీలు పడతాయి. కడ్డీలే 800 కిలోలు.

తాళంచెవి
రెయిలింగుకి డబ్బు వచ్చేలోపు మెట్ల గదికి కటకటాల గేటు పెట్టండి, పైకప్పు దాకా. పైన సందు వదిలితే దూకేస్తారు. ఇప్పటికే గేటుండి తెరిచే ఉంటోందా? అయితే నీళ్ల ట్యాంకు వాల్వు ఎక్కడుందో చూడండి. వాల్వు డాబా మీదుంటే రోజుకి రెండుసార్లు ఎవరో ఒకరు ఎక్కాలి, ఇక తాళం ఎవరేస్తారు? వాల్వుని కిందికి దింపించండి.

వరండా పక్కన సన్‌షేడ్ కూడా చూడండి. బంతి ఆగేది సగంసార్లు అక్కడే. కిటికీలోంచి దాని మీదికి దిగే వీలుంటే కిటికీకి గ్రిల్లు వేయాలి.

బడిగంట
గేటుకి తాళం వేస్తే నిప్పంటుకున్నప్పుడు ఎలా?

తాళంచెవి
తప్పించుకునే దారి కిందికే అండి. డాబా మీంచి రెండో మెట్లకి దాటాల్సిన బిల్డింగయితే మాత్రం ఆ గేటు లోపల్నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. కింది గేట్లకి బడి వేళల్లో తాళమే వద్దు.

రేకులపని
షెడ్డు వైపు రెయిలింగ్‌లో వికెట్ గేటు (మనిషి పట్టే చిన్న గేటు) పెట్టించకండి, అది రేకుల మీదికి దారి అవుతుంది. పాత సిమెంటు రేకు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కాలు పెట్టాక చెప్పాపెట్టకుండా విరుగుతుంది. బోల్టుల వరస మీద నడిస్తే పర్లేదంటారు, నమ్మొద్దు. రిపేరుకి రెండు పలకలు కావాలి, ఒక్కోటి అడుగు వెడల్పు, కనీసం మూడు పర్లిన్ల (రేకుల్ని మోసే అడ్డ దూలాల) మీద ఆనాలి. ఒకదాని మీద నిలబడి రెండోది ముందుకు జరుపుకోవాలి.

ట్యాంకు కడిగే మనిషికి ఒంటికంతా బిగించే హార్నెస్ (పడిపోకుండా పట్టే బెల్టు) ఇవ్వండి, ఐఎస్ 3521 అనే భారత ప్రమాణం ముద్ర ఉన్నది. తాడు ఆర్‌సీసీ పిల్లరుకి కట్టాలి, పైపుకీ రెయిలింగుకీ కాదు. ఎటు నడిచినా అంచుకి రెండడుగుల ముందే తాడు బిగిసిపోయేంత పొడవే ఉండాలి.