ఈసీలో కనిపించని ఇంటి పన్ను బకాయి కొనేవారి మీద పడుతుందా?

ప్రశ్న

కార్పొరేషన్ పరిధిలో ఒక పాత ఇల్లు కొనడానికి అగ్రిమెంటు రాసుకుని బయానా ఇచ్చాము. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. లింకు డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూపిస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయన్నారు. అయితే పాత రసీదు మీద ఉన్న అసెస్‌మెంట్ నంబరుతో ఆన్‌లైన్‌లో చూడగా, ఎన్నో ఏళ్లుగా ఇంటి పన్ను కట్టలేదనీ, అసలుతో పోటీపడేంత వడ్డీ పేరుకుపోయిందనీ తెలిసింది. యజమాని పెద్దవారు, మాట మీద నిలబడే మనిషి. ‘పన్ను నా పేరు మీద ఉంది కనుక అది నా బాకీ, మీకు సంబంధం లేదు, వడ్డీ మాఫీ ప్రకటించినప్పుడు కట్టేస్తాను, రిజిస్ట్రేషన్ మాత్రం ఆపవద్దు’ అంటున్నారు. ఆయనను అవమానించినట్టు కాకుండా, మేము కూడబెట్టుకున్నదీ బ్యాంకు నుంచి తెచ్చుకున్నదీ చిక్కుల్లో పడకుండా ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరా?

సమాధానం: సివిల్ కేసులు చూసే న్యాయవాది

పన్ను ఎవరి పేరు మీద ఉన్నా బాకీ ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుందండి. మన మునిసిపల్ చట్టాలు ఆస్తి పన్నును, ప్రభుత్వానికి చెల్లించవలసిన భూమి శిస్తు తరువాత, ఆ కట్టడం మీదా స్థలం మీదా మొదటి ఛార్జిగా, అంటే ఆ ఆస్తి నుంచే రాబట్టుకోదగిన బాకీగా పరిగణిస్తాయి. ఈ ఛార్జి చట్టం వల్లనే పుడుతుంది కనుక దానికి దస్తావేజు గానీ రిజిస్ట్రేషన్ గానీ అక్కరలేదు. ఈసీలో వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలే. కాబట్టి ఈసీ శుభ్రంగా ఉన్నంత మాత్రాన పన్ను బకాయి లేదని అనుకోవడానికి వీల్లేదు.

కొనేవారికి చట్టంలో ఒక రక్షణ ఉన్న మాట నిజమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 100వ సెక్షను ప్రకారం, ఛార్జి సంగతి తెలియకుండా ప్రతిఫలం చెల్లించి ఆస్తి పొందినవారి దగ్గర, మరో చట్టం స్పష్టంగా చెబితే తప్ప, ఆ ఆస్తి మీద ఛార్జిని అమలు చేయకూడదు. అహ్మదాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో 1971లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే వర్తింపజేసి, వేలంలో ఇల్లు కొన్న వ్యక్తికి పాత బకాయిల సంగతి తెలియదు కనుక ఆ ఇంటి మీద వాటిని రాబట్టరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును చూపించి కొందరు ధైర్యం చెబుతుంటారు గానీ, మీ విషయంలో అది పనికిరాదు, ఎందుకంటే బకాయి ఉన్నట్టు మీకు ఇప్పటికే తెలుసు. చూడకుండా ఉంటే బాగుండేదని కూడా అనుకోకండి. కావాలని విచారణ మానుకున్నవారిని, ఘోరమైన నిర్లక్ష్యం చూపినవారిని, విషయం తెలిసినవారిగానే లెక్కించడానికి అదే చట్టంలోని 3వ సెక్షను అవకాశం ఇస్తుంది.

ఇక యజమాని మాటకు వస్తే, అమ్మకం జరిగే తేదీ వరకు పడిన పన్నులు కట్టవలసిన బాధ్యత, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మేవారిదేనని అదే చట్టం 55వ సెక్షను చెబుతోంది. అంతవరకు ఆయన అన్నది సరైనదే. కానీ అది మీ ఇద్దరి మధ్య తేలవలసిన లెక్క. కార్పొరేషన్ ఇంటి మీదకు వస్తే ముందు మీరు కట్టి, తరువాత ఆయన దగ్గర రాబట్టుకోవడానికి దావా వేసుకోవలసి రావచ్చు. పెద్దవయసు మనిషితో ఆ పరిస్థితి తెచ్చుకోకుండా ఉండటమే ఆయనకు మీరిచ్చే గౌరవం.

సమాధానం: మునిసిపల్ రెవెన్యూ విభాగంలో పనిచేసినవారు

మాఫీ కోసం ఎదురుచూడటం గురించి మాత్రం చెబుతాను. 2020లో, 2022లో, 2024లో గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో పన్ను అసలు మొత్తాన్నీ, వడ్డీలో 10 శాతాన్నీ కట్టినవారికి మిగిలిన 90 శాతం వడ్డీ మాఫీ చేశారు. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో సగం వడ్డీ తగ్గించారు. ఇవి ప్రభుత్వం అప్పటికప్పుడు, కొద్దికాలానికి ఇచ్చిన ఉత్తర్వులు. మళ్లీ ఎప్పుడు వస్తుందో, వస్తుందో రాదో ఎవరూ హామీ ఇవ్వలేరు, పైగా వీటిలో తగ్గింది వడ్డీయే, పన్ను అసలు మొత్తం కాదు. ఆలస్యమైన పన్ను మీద వడ్డీ నెలకు 2 శాతం, అంటే అసలు 50,000 రూపాయలైతే నెలకు 1,000 పెరుగుతూనే ఉంటుంది. ప్రస్తుతం అలాంటి పథకం నడుస్తుంటే వాడుకోండి, లేకపోతే దానికోసం ఆగకండి.

మరొక్క సంగతి. బకాయి అంకె చూసి ఊరుకోకుండా, రికార్డులో రాసిన కొలతలు, అంతస్తులు, వాడకం ఇప్పుడున్న ఇంటితో సరిపోతున్నాయో లేదో పోల్చి చూడండి. తరువాత వేసిన అంతస్తుకు పన్నే వేయలేదని మ్యుటేషన్ (పన్ను రికార్డులో యజమాని పేరు మార్పు) సమయంలో బయటపడితే కొత్త డిమాండు మీ చేతికి వస్తుంది. నీటి బిల్లు వేరే ఖాతా, అది కూడా విడిగా చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ వివరాలు చెప్పగానే యజమాని ఒప్పుకున్నారు. అయితే రిజిస్ట్రేషన్ రోజున డబ్బు చేతికి వస్తే తప్ప కట్టే స్తోమత తనకు లేదంటున్నారు.

సమాధానం: సివిల్ కేసులు చూసే న్యాయవాది

అది అడ్డంకి కాదండి. మీరు ఆయనకు ఇవ్వవలసిన సొమ్ములోంచే బకాయి మొత్తాన్ని ఆ అసెస్‌మెంట్ నంబరు మీద మీరే నేరుగా కట్టండి. రశీదు ఆయన పేరుతో వచ్చినా ఫరవాలేదు. ముందుగా ఒక అనుబంధ ఒప్పందం రాసుకుని, ఈ మొత్తం అమ్మకం ధరలో భాగంగా చెల్లించినట్టు, ఏ కారణం చేతనైనా రిజిస్ట్రేషన్ ఆగిపోతే ఆయన తిరిగి ఇచ్చేటట్టు స్పష్టంగా పేర్కొనండి. సేల్ డీడ్‌లో పూర్తి ధరే చూపించి, అందులో ఇంత మొత్తం పన్ను బకాయికి వెళ్లిందని రశీదు నంబరుతో సహా రాయించండి; పన్ను కట్టారని ధర తగ్గించి చూపిస్తే స్టాంపు డ్యూటీ దగ్గర కొత్త తగాదా వస్తుంది. బ్యాంకు తన వాటాను సాధారణంగా అమ్మేవారి పేరునే విడుదల చేస్తుంది కాబట్టి, ఈ చెల్లింపు మీరు సొంతంగా పెట్టుకునే డబ్బులోంచి జరిగేలా బ్యాంకు అధికారితో ముందే మాట్లాడుకోండి. కట్టిన తరువాత ఆన్‌లైన్‌లో బకాయి సున్నాగా కనిపించే వరకు ఆగి, ఆ పేజీ ప్రతిని దాచుకుని, అప్పుడు రిజిస్ట్రేషన్‌కు వెళ్లండి. ఆస్తి చేతులు మారినట్టు కార్పొరేషన్‌కు తెలియజేయనంతవరకు పన్ను బాధ్యత ఆయన మీద కూడా కొనసాగుతుంది కనుక, మ్యుటేషన్ వెంటనే చేయించుకోవడం ఆయనకూ అవసరమే.