అంబాసిడర్ మార్క్ 4: కొత్త బల్బులు వేసినా హెడ్‌లైట్లు మసకే

పాతబండి_రాజమండ్రి
1984 మార్క్ 4, పెట్రోల్. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ బిగించి ఉంది, నెగెటివ్ ఎర్త్ (బ్యాటరీ మైనస్ బాడీకి). 7 అంగుళాల రిఫ్లెక్టర్లు కొత్తవి, హెచ్4 60/55 బల్బులు (హైకి 60 వాట్లు, డిప్‌కి 55) కూడా కొత్తవే. అయినా డిప్‌లో గుంటలు కనబడటం లేదు. కుడి లైటు ఎడమ దానికన్నా ఇంకా మసక. కుడి ఇండికేటర్ వేస్తే కుడి హెడ్‌లైటు కూడా దాంతోపాటు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. కాసేపు నడిపాక కింద కాలితో నొక్కే డిప్పర్ స్విచ్ వేడెక్కుతోంది. బానెట్ కింద కొన్ని వైర్ల తొడుగు పెళుసెక్కింది, వంచితే విరుగుతోంది.

ఒకరు 100/90 బల్బులు వెయ్యమంటున్నారు, ఇంకొకరు ఎల్ఈడీ అంటున్నారు. మొత్తం వైరింగ్ కిట్ మార్చాలా, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు) పెడితే చాలా?

వోల్ట్‌మీటర్
100/90 మాత్రం వద్దండి. రెండు 100 వాట్ల ఫిలమెంట్లు కలిపి దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. ఆ కరెంటంతా లైట్ స్విచ్, డిప్పర్ గుండానే పోవాలి. ఇప్పుడు తొమ్మిది, పది ఆంపియర్లకే డిప్పర్ వేడెక్కుతోందంటే ఇంకా పెంచితే లోపలి బేకలైట్ (గట్టి ప్లాస్టిక్) మాడుతుంది. పైగా ఈ పాత లూకాస్ (బ్రిటిష్ ఆటో ఎలక్ట్రికల్ కంపెనీ) తరహా వైరింగ్‌లో హెడ్‌లైట్ లైనుకి అసలు ఫ్యూజే ఉండదు. పెళుసెక్కిన వైరు బాడీకి తగిలిందా, కాలేది వైరే.

ఇండికేటర్‌తో పాటు లైటు ఊగుతోందంటే కుడివైపు ఎర్త్ పాడైనట్టే. 21 వాట్ల ఇండికేటర్ బల్బు కూడా అదే ఎర్త్ మీద నడుస్తోంది, అది వెలిగినప్పుడల్లా ఆ చెడ్డ జాయింట్ దగ్గర ఇంకొంచెం వోల్టేజ్ పోతోంది. అయితే రెండు లైట్లూ మసకగా ఉన్నాయి కాబట్టి రెండిటికీ కలిసే దారిలో కూడా లోపం ఉంది.

ఏదీ కొనకముందు మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి కొలవండి. ఇంజను 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, డిప్ వేసి, హోల్డర్ బల్బుకే ఉండాలి. హోల్డర్ పీకి కొలిస్తే కరెంటు పారదు కాబట్టి ఎంత చెడ్డ వైరైనా నిండు వోల్టేజే చూపిస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ముందు బ్యాటరీ రెండు పోస్టుల మధ్య, తర్వాత ఒక్కో బల్బు డిప్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య చూడండి. ఆపైన బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్ పోస్టుకి. చివరగా ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద ఉంచి, నల్లది స్విచ్ లోపలికి వచ్చే వైరు, బయటికి పోయే వైరు, డిప్పర్ లోపలికి, బయటికి, బల్బు పిన్ను అని వరసగా జరపండి. అంకె ఎక్కడ ఒక్కసారిగా పెరిగితే దొంగ అక్కడున్నట్టు.

పాతబండి_రాజమండ్రి
కొలిచాను. బ్యాటరీ 13.7. ఎడమ బల్బు 11.2, కుడి బల్బు 10.4. ఎర్త్ వైపు ఎడమ 0.3, కుడి 1.1. ప్లస్ వైపు: స్విచ్ లోపలికి 0.5, బయటికి 1.1, డిప్పర్ లోపలికి కూడా 1.1, బయటికి 1.9, బల్బుల దగ్గర 2.2.

వోల్ట్‌మీటర్
లెక్క సరిగ్గా కుదిరింది: 2.2కి ఎర్త్ నష్టం కలిపితే ఎడమ 2.5, కుడి 3.3. బ్యాటరీ దగ్గర 13.7 ఉంది కాబట్టి ఆల్టర్నేటర్‌కి వంక పెట్టక్కర్లేదు.

ఫిలమెంట్ వెలుగు వోల్టేజ్‌తో సమానంగా తగ్గదు, సుమారు 3.4 ఘాతంలో పడిపోతుంది. హెచ్4 వెలుగు లెక్కగట్టేది 13.2 వోల్టుల దగ్గర. 11.2 దగ్గర మీకు అందేది అందులో 57 శాతం, 10.4 దగ్గర 44 శాతం. బల్బులు మంచివే, వాటికి తిండి అందటం లేదు.

డిప్పర్ ఒక్కదాంట్లోనే 0.8 వోల్టులు పోతున్నాయి. తొమ్మిది ఆంపియర్ల మీద అది 7 వాట్ల వేడి, మీ కాలికి తెలుస్తున్నది అదే. స్విచ్‌లో 0.6, లోపల కాంటాక్టులకి కార్బన్ పట్టి ఉంటుంది. స్విచ్ దాకా వచ్చే 0.5 పాత సన్న వైరుదీ, ప్లస్ లగ్గు (వైరు కొసన బిగించే రేకు) దగ్గర చిలుముదీ. మొత్తం ప్లస్ వైపు అర వోల్టు, ఎర్త్ వైపు 0.1 మించకుండా తేవాలి.

ఆటోనగర్_ఎలక్ట్రికల్
ఎర్త్ ముందు చెయ్యండి, ఖర్చు తక్కువ. ఒక్కో హోల్డర్ ఎర్త్ పిన్ను నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు లాగి, బాడీకి ఒకే బోల్టు దగ్గర కలపండి. అక్కడ రంగు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా గీకి, లగ్గు బిగించిన *తర్వాత* పైన పెట్రోలియం జెల్లీ రాయండి. అదే బోల్టు నుంచి బ్యాటరీ మైనస్‌కి ఇంకో వైరు వేస్తే బాడీ అతుకుల మీద ఆధారపడక్కర్లేదు. ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే అల్లిన పట్టీ తెగిందేమో కూడా చూడండి.

ఇక రిలేలు. నాలుగు పిన్నుల 12 వోల్టుల 30 ఆంపియర్లవి రెండు, డిప్‌కి ఒకటి, హైకి ఒకటి. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక జానెడు దూరం లోపే 30 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు, అక్కణ్ణుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రెండు రిలేల 30 నంబరు పిన్నుకి. 87 నుంచి నాలుగు దారుల బ్లేడ్ ఫ్యూజ్ బాక్సుకి, అందులో ఎడమ డిప్, కుడి డిప్, ఎడమ హై, కుడి హై, ఒక్కోటి 10 ఆంపియర్లు. రెండు వైపులకీ ఒకే ఫ్యూజు పెట్టేవాళ్ళున్నారు. నడి రాత్రి హైవే మీద అది పోతే రెండు లైట్లూ ఒకేసారి చీకటి. ఫ్యూజ్ బాక్సు నుంచి బల్బులకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. మీటరుకి 7 మిల్లీఓమ్‌ల నిరోధం, ఒక్కో బల్బు 5 ఆంపియర్లు లాగితే రెండు మీటర్లకి పోయేది 0.07 వోల్టు మాత్రమే.

పాత హోల్డరుకి వచ్చే వైర్లే రిలేకి సంకేతం. లూకాస్ రంగుల్లో నీలం మీద ఎర్ర గీత డిప్, నీలం మీద తెల్ల గీత హై. ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు రంగులు కలిపేసి ఉంటారు, టెస్ట్ బల్బుతో చూసుకునే కలపండి. ఒక వైపు వైర్లు 86కి, 85 ఎర్త్‌కి. రెండో వైపు పాత వైర్ల కొసలకి స్లీవ్ వేసి మూసేయండి. రిలే కాయిల్ లాగేది 0.15 ఆంపియర్ మాత్రమే, ఇక స్విచ్చూ డిప్పరూ చల్లగా ఉంటాయి. డ్యాష్‌బోర్డులో హై సూచన దీపం ఎప్పట్లాగే పనిచేస్తుంది.

ఇంటి వైరింగు వైరు వాడకండి, బిరుసు, అదురుకి తెగుతుంది. సన్న పోగుల ఆటో కేబుల్ తీసుకోండి, విజయవాడ ఆటోనగర్‌లో మీటర్ల లెక్కన కోసిస్తారు. లగ్గులు క్రింపింగ్ టూలుతో నొక్కండి. టంకం వేస్తే అది వైరులోకి పాకి, గట్టిపడిన చోటు చివర్న పోగులు విరుగుతాయి. హోల్డరు ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడి ఉంటే లోపలి రేకులకి పట్టు పోయినట్టే, సిరామిక్ హోల్డర్ వెయ్యండి. రిలేలు పిన్నులు కిందికి వచ్చేలా బిగించండి, నీళ్ళు నిలవవు.

మొత్తం కిట్ సంగతి: వైరు చివర అంగుళం తొడుగు ఒలిచి చూడండి. రాగి ఎర్రగా ఉంటే ఆ భాగం ఉంచుకోవచ్చు. తొడుగు లోపల కూడా నల్లబడో పచ్చబడో ఉంటే ఎంత గీకినా లాభం లేదు. మీరు చెప్పిన పెళుసు చూస్తే బానెట్ కింది భాగం మార్చాల్సిందే, డ్యాష్‌బోర్డు వెనకది తొందరేం లేదు.

రాత్రిబండి
ఎల్ఈడీ అడిగారు కదా. హాలోజన్ రిఫ్లెక్టర్ గీసింది ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి. ఎల్ఈడీ చిప్పులు అక్కడే, అంతే సైజులో ఉండవు, వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది, మన రోడ్డు మీద కాదు. హెడ్‌లైటు అద్దం కొనేటప్పుడు ఎడమవైపు నడిచే దేశానికి చేసిందేనా చూసుకోండి. కుడివైపు నడిచే దేశాలది వేస్తే డిప్ కూడా ఎదురు బండి వైపే లేస్తుంది.

పనయ్యాక సమతలం మీద గోడకి 5 మీటర్ల దూరంలో నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, డిప్ పై అంచు లైటు మధ్య ఎత్తుకన్నా 5 సెంటీమీటర్లు కింద పడేలా స్క్రూలు తిప్పండి. రిలేలు పెట్టి ఇది వదిలేస్తే సగం పనే.

మార్క్2_నల్గొండ
నాది డైనమో బండి. ఇదే పద్ధతి సరిపోతుందా?

ఆటోనగర్_ఎలక్ట్రికల్
సరిపోతుంది. కానీ ముందు బ్యాటరీ ఏ పోస్టు బాడీకి పోతోందో చూడండి. ప్లస్ బాడీకి ఉంటే మెయిన్ ఫీడు మైనస్ పోస్టు నుంచి తీసుకోవాలి. రిలే లోపల డయోడ్ లేనిదే కొనండి. డయోడ్ ఉన్నది మామూలుగా కలిపితే స్విచ్ వెయ్యగానే షార్టే. డైనమో మీద లూకాస్ సీ40/1 అని ఉంటే గరిష్ఠం 22 ఆంపియర్లు. హెడ్‌లైట్లకి 10, పార్కింగ్, టెయిల్ లైట్లకి 2, ఇగ్నిషన్ కాయిల్‌కి 3 నుంచి 4, వైపర్‌కి మరో 3 పోతే మిగిలేది అంతంతే. ఐడ్లింగ్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, సిగ్నల్ దగ్గర లైటు మసకబారితే రిలేని అనుమానించకండి. బండి వేగం అందుకున్నాక కూడా బ్యాటరీ దగ్గర 13 వోల్టులు దాటకపోతే డైనమో బ్రష్షులు, కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపి, విడదీసే స్విచ్) పాయింట్లు చూడాలి.