ఒకే గిటార్‌పై తరచూ ట్యూనింగ్ మారుస్తుంటే శ్రుతి నిలవడం లేదు

ప్రశ్న: మంద్రస్థాయి

నమస్కారం. నా దగ్గర ఉన్నది ఉక్కు తీగల అకూస్టిక్ గిటార్ ఒక్కటే. దాని మీద కొన్ని పాటలను స్టాండర్డ్ ట్యూనింగ్‌లోనూ (ఆరో తీగ నుంచి ఇ-ఎ-డి-జి-బి-ఇ), కొన్నిటిని డ్రాప్ డి లోనూ (ఆరో తీగను మాత్రం డి కి దించినది), మరికొన్నిటిని డాడ్‌గాడ్‌లోనూ (డి-ఎ-డి-జి-ఎ-డి) సాధన చేస్తున్నాను. ట్యూనింగ్ మార్చిన కాసేపటికే, ట్యూనర్ చూసి సరిచేసిన తీగలు జారిపోతున్నాయి. అంతకన్నా ఆశ్చర్యమేమిటంటే, నేను ముట్టుకోని తీగలు కూడా కొద్దిగా మారుతున్నాయి. దీనికి కారణం ఏమిటి? ఇలా పదేపదే మార్చడం వల్ల గిటార్ మెడ వంగిపోతుందని కొందరు అంటున్నారు. అది నిజమైతే రెండో గిటార్ కొనడం గురించి ఆలోచించాలి.

సమాధానం: శ్రుతిపెట్టె

ముందుగా మెడ సంగతి. తీగ పొడవు, బరువు మారనంత వరకు దాని బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని అనుసరించి మారుతుంది. డ్రాప్ డి లో ఆరో తీగ 82.4 హెర్ట్జ్ నుంచి 73.4 హెర్ట్జ్‌కు దిగుతుంది కాబట్టి ఆ ఒక్క తీగ బిగువు సుమారు అయిదో వంతు తగ్గుతుంది. డాడ్‌గాడ్‌లో ఆరు, రెండు, ఒకటో తీగలు మూడూ రెండేసి ఫ్రెట్ల మేర (ఫ్రెట్ అంటే మెడ మీది లోహపు అడ్డపట్టీ; ఒక్కొక్కటి అర స్వరం) దిగుతాయి. 12–53 రకం (అతి సన్నని తీగ మందం 0.012 అంగుళం, అతి లావు తీగది 0.053) లైట్ తీగల సెట్ స్టాండర్డ్‌లో మొత్తం మీద 70 కిలోలకు పైగా బలంతో మెడను లాగుతుంటే, డాడ్‌గాడ్‌లో ఆ బలంలో తగ్గేది పదో వంతు కూడా ఉండదు. లోపల ట్రస్ రాడ్ (మెడ వంపును అదుపులో ఉంచే లోహపు కడ్డీ) ఉన్న మెడకు ఇది లెక్కలోకి వచ్చే మార్పు కాదు. నెలల తరబడి బాగా తక్కువ శ్రుతిలోనే ఉంచదలిస్తే మెడ వంపును ఒకసారి సరిచూసుకోవాలి గాని, సాధనలో అటూ ఇటూ మార్చడం వల్ల మెడ పాడవదు.

మీరు ముట్టుకోని తీగలు మారడానికి కారణం కూడా ఇదే. మూడు తీగలు వదులైతే మెడ మీద, బ్రిడ్జ్ (తీగల కింది కొసలను పట్టి ఉంచే భాగం) ఉన్న పైపలక మీద భారం తగ్గి, అవి వెంట్రుకవాసి వెనక్కి జరుగుతాయి. దానితో మిగిలిన తీగలు కాస్త బిగుసుకుని పై శ్రుతికి పోతాయి. తిరిగి స్టాండర్డ్‌కు వచ్చేటప్పుడు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. అందుకే ఏ మార్పు తరువాతైనా ఆరు తీగలనూ రెండుసార్లు సరిచూడాలి. మొదటిసారే ఒక్కొక్క తీగను సూది నడిమికి తేవాలని పట్టుబట్టడం వృథా ప్రయాస.

ఇక జారిపోవడం. దోషం సాధారణంగా పెగ్‌లలో (తీగలను బిగించే మరలలో) ఉండదు, నట్ (మెడ పై చివర తీగలు ఆనుకునే గాళ్ల పట్టీ) గాడిలో ఉంటుంది. గాడి ఇరుకుగా ఉంటే తీగ అక్కడ పట్టుకుని, పెగ్ వైపు ఒక బిగువు, వాయించే వైపు మరో బిగువు నిలుస్తాయి. నాలుగుసార్లు గట్టిగా మీటగానే పట్టు వదిలి శ్రుతి మారుతుంది. తీగను పెంచేటప్పుడు నట్ దగ్గర టిక్కుమనే శబ్దం వినిపిస్తే ఇదే కారణమని నిశ్చయంగా చెప్పవచ్చు. గాడిలో మెత్తని పెన్సిల్ ముక్కుతో గ్రాఫైట్ రాస్తే చాలావరకు సర్దుకుంటుంది. దించవలసిన తీగను కావలసిన స్వరం కన్నా కొంచెం కిందికే దించి, వేలితో ఒకసారి మెల్లగా సాగదీసి, కింది నుంచి పైకి స్వరానికి తీసుకురండి.

సమాధానం: ఆరోతీగ

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే ప్రతి మార్పుకూ ట్యూనర్ కోసం చూడనవసరం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ ట్యూనింగ్‌లలో మారే తీగకు సరిపోల్చదగిన తీగ గిటార్ మీదే ఉంటుంది. డ్రాప్ డి కి ఆరో తీగ 12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగను నొక్కకుండా ఫ్రెట్ మీద వేలితో తాకించి మీటితే పలికే స్వరం) నాలుగో తీగతో కలవాలి. డాడ్‌గాడ్‌లో రెండో తీగ అయిదో తీగ 12వ ఫ్రెట్ హార్మోనిక్‌తోనూ, ఒకటో తీగ నాలుగో తీగ హార్మోనిక్‌తోనూ కలుస్తాయి. రెండు స్వరాలూ కలిపి మోగించినప్పుడు వినిపించే ఊగిసలాట నెమ్మదించి ఆగిపోయే చోటే సరైన శ్రుతి. అంతకుముందు నాలుగు, అయిదు తీగలు సరిగా ఉన్నాయని చూసుకోవాలి, లేకపోతే తప్పు అంతటా పాకుతుంది.

పాటల వరుసను కూడా దగ్గరి ట్యూనింగ్‌ల చొప్పున పేర్చుకోండి. స్టాండర్డ్ నుంచి డ్రాప్ డి కి ఒక్క తీగ, అక్కడి నుంచి డాడ్‌గాడ్‌కు మరో రెండు తీగలు. ప్రతి పాటకూ స్టాండర్డ్‌కు తిరిగి వస్తే తీగలకు కుదురుకునే వ్యవధి ఉండదు.

సమాధానం: స్ప్రింగ్ పెట్టె

ఇవన్నీ స్థిరమైన బ్రిడ్జ్ ఉన్న గిటార్‌కు చెల్లుతాయి. ఫ్లాయిడ్ రోజ్ వంటి తేలియాడే బ్రిడ్జ్ ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌తో ఇలా చేయబోతే ఓపిక నశిస్తుంది, ఎందుకంటే అక్కడ తీగల బిగువు, వెనుక స్ప్రింగ్‌ల బిగువు ఒకదానితో ఒకటి తూగుతుంటాయి. ఒక్క తీగ దించితే బ్రిడ్జ్ మొత్తం వెనక్కి వాలి, మిగిలిన అయిదూ పైకి పోతాయి. దానికి మాత్రం రెండో గిటారే సరైన పరిష్కారం.

మరొక మాట: తీగలను స్టాండర్డ్ కన్నా పైకి బిగించే ట్యూనింగ్‌ల జోలికి పోకండి. ఓపెన్ ఇ కి (ఏ ఫ్రెట్ నొక్కకుండా మీటితేనే ఇ కార్డ్, అంటే కలిసి పలికే స్వరాల గుంపు, వచ్చే ట్యూనింగ్) మూడు తీగలను పెంచాలి; రెండు ఫ్రెట్ల మేర పెరిగే తీగ మీద బిగువు పావు వంతుకు మించి పెరుగుతుంది. ఓపెన్ డి కి దించి రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి ఉంచే బిగింపు) పెడితే అవే స్వరాలు వస్తాయి.

ప్రశ్న: మంద్రస్థాయి

ధన్యవాదాలు. టిక్కుమనే శబ్దం మూడో తీగ దగ్గర స్పష్టంగా ఉంది, గ్రాఫైట్ రాసి చూస్తాను. మరో సందేహం. ఓపెన్ జి లో ట్యూనర్ అన్నీ సరిగా ఉన్నాయని చూపిస్తున్నా, తీగలన్నీ ఒకేసారి మీటితే రెండో తీగ కొంచెం కరుకుగా వినిపిస్తోంది. అదీ నట్ దోషమేనా?

సమాధానం: శ్రుతిపెట్టె

కాదు, మీ చెవి సరిగానే పనిచేస్తోంది. ఓపెన్ జి లో రెండో తీగ బి ఆ కార్డ్‌కు అంతర గాంధారం (మూల స్వరానికి నాలుగు అర స్వరాల పైది). ట్యూనర్ అనుసరించే సమాన విభజనలో (స్థాయిని పన్నెండు సమానమైన అర స్వరాలుగా పంచే పద్ధతి) ఆ గాంధారం సహజ గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు హెచ్చుగా ఉంటుంది; అర స్వరానికి 100 సెంట్లు అనుకుంటే ఇది చెవికి అందే తేడాయే. మీరు స్లైడ్‌తోనో (తీగల మీద జార్చే గొట్టం), వేలు అడ్డంగా వేసే బారె కార్డ్‌లతోనో వాయిస్తే ఆ తీగ ఎప్పుడూ గాంధారంగానే ఉంటుంది కాబట్టి అయిదారు సెంట్లు నిశ్చింతగా దించవచ్చు. వేరే ఆకారాల కార్డ్‌లు కూడా పట్టేటట్లయితే అంతకు మించి దించవద్దు, ఎందుకంటే ఆ తీగ మీద పలికే తక్కిన స్వరాలు కూడా అంతే తగ్గుతాయి. స్టాండర్డ్‌కు తిరిగి వచ్చేటప్పుడు ఆ తీగను ట్యూనర్‌తో మళ్ళీ సరిచేయండి.