అప్‌డేట్: టీడీఏ1543 పోయి పీసీఎం5102ఏ వచ్చె

పాత డ్యాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది) బోర్డులో టీడీఏ1543 చిప్పు తీసి పీసీఎం5102ఏ పెట్టొచ్చా అని అడిగినా గదా, పెట్టేసినా అన్నా. పాతదానికి 8 కాళ్లు, దీనికి 20. మధ్య ఎడం 0.65 మి.మీ. కర్నూలులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే పిల్లోడు అడాప్టర్ బోర్డు మీద టంకం పెట్టిచ్చినాడు, చెయ్యి భలే నిలకడ. సప్లై 5 వోల్టుల నుంచి 3.3కి దించినా. మీరు చెప్పినట్టే ఎస్‌సీకే (సిస్టమ్ క్లాక్ వచ్చే కాలు) గ్రౌండుకు కలిపితే బిట్ క్లాక్ (ఒక్కో బిట్టుకూ తాళం వేసే సిగ్నల్) నుంచే లోపలి పీఎల్ఎల్ (క్లాక్ తయారుచేసే సర్క్యూట్) సిస్టమ్ క్లాక్ చేసుకుంటోంది, బయటి నుంచి ఆ క్లాక్ (మాస్టర్ క్లాక్) లైనే అక్కర్లేదు. ఎక్స్‌ఎస్‌ఎంటీ అనే మ్యూట్ కాలుని మాత్రం 3.3కి కలపాల, గ్రౌండులో ఉంటే మ్యూటే. పాతది కరెంటు ఇచ్చేది, ఇది నేరుగా 2.1 వోల్టులిస్తాది, దాంట్లో డీసీ కూడా ఉండదు. అందుకే ఐ-వీ (కరెంటును వోల్టేజీగా మార్చే) రెసిస్టర్లు, అవుట్‌పుట్ కెపాసిటర్లు పీకేసి 470 ఓమ్‌లు, 2.2 నానోఫారడ్ ఫిల్టరొకటే పెట్టినా. బుస్సుమనే శబ్దం పోయింది. పాత చిప్పు మాత్రం పారేయను, నాదస్వరం దాంట్లోనే బాగుండె.