షాపరోన్లు ప్రొటీన్ల కోసమే కదా, మరి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏతో వాటికేం పని?

ప్రశ్న:
సెమినార్‌కి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 (హీట్ షాక్ ప్రొటీన్లు) అనే షాపరోన్లు మిగతా ప్రొటీన్లు సరిగ్గా మడత పడేలా చూస్తాయని చదువుకున్నాం. ఇప్పుడేమో మైక్రో ఆర్‌ఎన్‌ఏ (నాన్‌కోడింగ్, అంటే ప్రొటీన్‌కి కోడ్ లేని చిన్న ఆర్‌ఎన్‌ఏ) పనిచేయాలన్నా అవి ఉండాల్సిందే అంటున్నారు. ఆర్‌ఎన్‌ఏని కూడా అవే మడతపెడతాయా? ఎల్లుండే సెమినార్, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మడతపెట్టవు. అవి పట్టుకునేది ఆర్గోనాట్‌ని, అంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏని తనలో పెట్టుకుని పనిచేసే ప్రొటీన్‌ని. మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదట రెండు పోగుల జంటగా ఉంటుంది, పోగుకి దాదాపు 22 న్యూక్లియోటైడ్లు, ఆ జంట బిర్రుగా ఉంటుంది కాబట్టి మామూలుగా ఉన్న ఆర్గోనాట్‌లో పట్టదు. హెచ్‌ఎస్‌పీ70, 90 ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి ఆర్గోనాట్‌ను తెరిచి ఉంచితే జంట లోపలికి దిగుతుంది, ఆ తర్వాత ఒక పోగు బయటికి పోతుంది. ఏటీపీ కావాల్సింది ఎక్కించడానికి, పోగులు విడదీయడానికి కాదు, చాలామంది ఇక్కడే తిరగేసి చెప్తారు. గెల్డనామైసిన్ అనే రసాయనంతో హెచ్‌ఎస్‌పీ90ని ఆపితే ఈ ఎక్కించడమే దెబ్బతింటుంది.

జవాబు 2:
పేరు దగ్గర జాగ్రత్త. "ఆర్‌ఎన్‌ఏ షాపరోన్" అని వేరే ఉంది, బ్యాక్టీరియాలో హెచ్‌ఎఫ్‌క్యూ అనే ప్రొటీన్ లాంటిది. ఆరు ముక్కల ఉంగరం, దీనికి ఏటీపీ అక్కర్లేదు. డీఎస్‌ఆర్‌ఏ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏని ఆర్‌పీఓఎస్ అనే జీన్ ఎమ్‌ఆర్‌ఎన్‌ఏకి (ప్రొటీన్ తయారీకి సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏకి) జతకలుపుతుంది. అది నిజంగానే ఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటుంది, హెచ్‌ఎస్‌పీ90 కథ వేరు. నేను ఒకసారి రెండూ ఒకే స్లైడులో కలిపేసి అందరి ముందూ చీవాట్లు తిన్నాను.

ప్రశ్న అడిగినవారు:
ఓహో, ఇప్పుడు అర్థమైంది. పనిలోపని ఇంకోటి, హీట్ షాక్‌లో (కణానికి వేడి దెబ్బ తగిలినప్పుడు) నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలకీ పాత్ర ఉందంటారు కదా?

జవాబు 3:
డ్రోసోఫిలా ఈగలో హెచ్‌ఎస్‌ఆర్ ఒమేగా అనే జీన్ చూడండి. వేడి తగిలితే లాలాజల గ్రంథి క్రోమోజోమ్‌ల మీద 93డి అనే చోట పెద్ద పఫ్ (ఉబ్బు) లేస్తుంది, అక్కడ తయారయ్యేది ప్రొటీన్ కోసం కాదు, పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ. మామూలప్పుడు అది ఆర్‌ఎన్‌ఏ ప్రాసెసింగ్ ప్రొటీన్లని న్యూక్లియస్‌లో చిన్న చుక్కలుగా దాచిపెడుతుంది, వేడిలో ఆ చుక్కలు చెదిరి ప్రొటీన్లన్నీ 93డి దగ్గరికి చేరతాయి. హెచ్‌ఎస్‌పీ83 కూడా అక్కడికే వస్తుంది. మనుషుల కణాల్లో దీనికి దగ్గరిది శాటిలైట్ 3 ఆర్‌ఎన్‌ఏ, హెచ్‌ఎస్‌పీ జీన్లని లేపే హెచ్‌ఎస్‌ఎఫ్1 అనే ప్రొటీన్ దాన్నీ లేపుతుంది. స్లైడులో హెచ్‌ఎస్‌పీ83 పక్కన "ఈగలో హెచ్‌ఎస్‌పీ90 ఇదే" అని రాసేయండి, లేకపోతే చేయెత్తేవాళ్లు మొదట అడిగేది అదే.