పిండిమర మీద ఎడిటింగ్ గది: గాలి ఆడాలి, నాలుగు హార్డ్ డిస్కులు పట్టాలి, ఏ కంప్యూటర్ క్యాబినెట్ కొనమంటారు?

విజయనగరం, గంటస్తంభం దగ్గర సందులో మేడ మీద రేకుల గది మాది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. కింద పిండిమర ఉంది. అసలు గొడవంతా దానితోనే.

సిస్టమ్‌లో రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు. 4 టీబీ డిస్కులు నాలుగు. మూడేళ్ల కింద లైట్లు చూసి ముచ్చటపడి కొన్న క్యాబినెట్ ఇది. ముందంతా అద్దం, దాని వెనక మూడు రంగుల ఫ్యాన్లు. గాలి రావాలంటే పక్కన వేలు దూరేంత సందు ఒక్కటే దారి. డిస్కులకు రెండే గూళ్లు, అందుకని మిగతా రెండూ అడుగున థర్మోకోల్ ముక్క మీద పడుకున్నాయి. నవ్వకండి.

ఈ మేలో మధ్యాహ్నం గదిలో 38 డిగ్రీలు. ముహూర్తం వీడియో రెండర్‌కి (ఎడిట్ అయ్యాక ఫైనల్ ఫైలు తయారవడానికి) పెడితే ప్రాసెసర్ 90కి పోతోంది, థర్మోకోల్ మీది డిస్కులు 54. ఫ్యాన్ల మోతకి నాదస్వరం కూడా వినిపించట్లేదు.

అందరూ ముందు జాలీ ఉన్నది కొనమంటున్నారు. కింద రోజంతా బియ్యప్పిండి, శనివారం మిరపకాయలు. జాలీ పెడితే ఆ పిండంతా లోపలికే కదా? ఇప్పటికే లోపల తెల్లగా అట్టకట్టి ఉంది. పైగా జాలీ ఉన్న చాలావాటిలో డిస్కులకు చోటుండదు. కోర్సెయిర్ 4000డీ ఎయిర్‌ఫ్లో చూశాను, 3.5 అంగుళాల డిస్కులు రెండే పడతాయి. యాంటెక్ పీ101 సైలెంట్‌లో ఎనిమిది పడతాయి గానీ దానికి ముందు తలుపు.

పాతవి చెరిపేయమని మాత్రం అనకండి. పెళ్లయిన నాలుగేళ్లకి వచ్చి "పెన్‌డ్రైవ్ పోయింది బాబూ, బారసాలకి వేసుకుంటాం, ఇంకోటి ఇయ్యి" అనేవాళ్లు నెలకొకరైనా ఉంటారు. బడ్జెట్ 8 వేలు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

ముందు పర్సు లోపల పెట్టండి. పక్క తలుపు ఊడదీసి అదే వీడియో, అదే వేళకి ఇంకోసారి రెండర్ చేయండి. పది డిగ్రీలు పడిపోతే తప్పు క్యాబినెట్‌ది. రెండు మూడే తగ్గితే ప్రాసెసర్ మీది కూలర్ దుమ్ము పట్టిందో, ఆ రెంటి మధ్య రాసే పేస్ట్ ఎండిపోయిందో. అప్పుడు కొత్త డబ్బా కొన్నా ఒరిగేదేమీ లేదు. నా దగ్గరకి రిపేరుకొచ్చేవాళ్లు ఈ పరీక్ష చేయకుండానే క్యాబినెట్ కొనేసి వస్తుంటారు.

థర్మోకోల్ ఈరోజే తీసేయండి. ఐస్ కరగకుండా ఉండటానికి వాడే వస్తువది! డిస్కు వేడి దాని లోహపు ఒంటి నుంచే బయటికి పోవాలి.

ఇక పిండి. అద్దం ఉంటే రాదనుకోవడం పొరపాటు, మీకు అట్టకట్టింది అద్దం ఉండగానే కదా. లోపలికి వచ్చే గాలి కంటే బయటికి లాగే గాలి ఎక్కువైతే ప్రతి సందులోంచీ దుమ్ము లాక్కుంటుంది. ముందు మూడు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒక్కటే బయటికి పెట్టండి. అప్పుడు గాలి ఫిల్టర్ ఉన్న చోటునుంచే వస్తుంది, సందుల్లోంచి బయటికి పోతుంది. పిండి ఫిల్టర్ మీద ఆగుతుంది, వారానికోసారి కడుక్కుంటారు.

అన్నట్టు ఫ్యాన్లు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. నాలుగు పట్టీలు, మధ్యలో మోటారు స్టిక్కరు కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది.

పలాస జీడి

జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో నాది. మాకు దుమ్ముతో పాటు జీడితొక్క నూనె పొగ కూడా, ఫ్యాన్ రెక్కలు బంకబంక. ఏం కొన్నా కింద పెట్టకండి. నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంచితే చాలా తేడా. జాలీ మీద పాత ఓణీ ముక్క కడతారు కొందరు, ఆ పని వద్దు. గాలి ఆగిపోయి మళ్లీ మీ అద్దం కథే.

బొబ్బిలి నుంచి బెంగళూరు

నాలుగు డిస్కులూ రోజంతా ఎందుకు తిరగాలండీ? నెలకొకరు అడిగే పాత పెళ్లిళ్ల కోసం రెండు డిస్కులు ఆ వేడిలో మాడాలా? వాటిని తీసి బీరువాలో పెట్టండి. యూఎస్‌బీ డాక్ (డిస్కుని బయటి నుంచే కంప్యూటర్‌కి తగిలించే స్టాండు) ఒకటి కొంటే అవసరమైనప్పుడు డిస్కుని అందులో నిలబెట్టి కాపీ చేసుకోవచ్చు. అప్పుడు రెండు గూళ్ల క్యాబినెట్ చాలు, జాలీదే తీసుకోవచ్చు. కూలర్ ఎత్తు మాత్రం కొలుచుకోండి. డీప్‌కూల్ ఏకే400 లాంటి కూలరైతే 155 మిల్లీమీటర్లు, సన్నపాటి డబ్బాల్లో తలుపు పట్టదు.

ఇంకోటి అడుగుతాను. ఆ పాత పెళ్లిళ్లకు రెండో కాపీ ఉందా?

ప్రశ్న అడిగినవాడు

రెండో కాపీ లేదు. ఆ ప్రశ్న చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

తలుపు తీసి రెండర్ చేశాను. ప్రాసెసర్ 79, డిస్కులు 46. తప్పు క్యాబినెట్‌దే. కానీ వెనక ఫ్యాన్ చూశాక సిగ్గేసింది. దీపావళికి దులిపినప్పుడు నేనే తిరగేసి బిగించాను! ఇన్నాళ్లూ ఫిల్టర్ లేని వెనక వైపు నుంచి పిండిని స్వయంగా లోపలికి పిలుస్తోంది. పాపం మరాయన్ని ఎన్ని తిట్టుకున్నానో. సరిచేసి తలుపు మూస్తే 86, అంతకంటే దిగలేదు.

డాక్ అంటే నా భయం కరెంటు. కాపీ మధ్యలో పోతే? డాక్ ప్లగ్గు కూడా యూపీఎస్‌కే పెట్టమని షాపతను చెప్పాడు, ఆ మాత్రం నాకు తట్టలేదు.

ప్రశ్న అడిగినవాడు (జూలై)

కొన్నాను. ముందు జాలీ, ఊడదీసి కడిగే ఫిల్టర్, మూడు 120 ఎంఎం ఫ్యాన్లు. డిస్కుల గూడు పవర్ సప్లై పక్కన అడుగున, కింది ఫ్యాన్ గాలి నేరుగా తగిలేలా ఉంది. డాక్‌తో కలిపి బడ్జెట్ దాటింది, ఎంతని ఇంట్లో చెప్పలేదు.

రెండర్‌లో ప్రాసెసర్ 74. సంబరపడబోయి ఆగాను, వానలు పడుతున్నాయి, గది 31. గది వేడి తీసేసి చూస్తే మేలో 52 ఎక్కువుండేది, ఇప్పుడు 43. అంటే నిజంగా తగ్గింది తొమ్మిది. డిస్కులు 39.

పాత పెళ్లిళ్లు రెండు డిస్కుల మీదా ఉన్నాయిప్పుడు. ఒకటి బీరువాలో, ఒకటి మా అత్తవారింట్లో నెల్లిమర్లలో. ఫిల్టర్ శనివారం సాయంత్రం కడుగుతున్నాను, మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ.

పాత క్యాబినెట్ అమ్ముతాను, కావలసినవాళ్లు చెప్పండి. లైట్లు బాగా వెలుగుతాయి. ఎడిటింగ్‌కి మాత్రం వద్దు.