కేసీ కెనాల్ గట్టు మీద నడకదారి, సైకిల్ దారి: అర్జీలో ఏమి రాయాలి, నిధులు ఎక్కడ అడగాలి?

ప్రశ్న: కర్నూలు వాసి

నమస్కారం. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్టు వెంబడి, వినాయక ఘాట్ నుంచి సుమారు మూడు కిలోమీటర్ల మేర నడకదారి, సైకిల్ దారి వేయాలని మా కాలనీ సంఘం తరఫున నగరపాలక సంస్థకు అర్జీ పెట్టదలచాము. తెల్లవారుజామున ఆ గట్టు మీద నిలబడితే, క్యారియర్‌కు ఇరువైపులా పాలక్యాన్లు కట్టుకొని వచ్చే ఒక పెద్దాయన చెత్తకుప్ప దగ్గర సైకిలు దిగి, పంచె పైకి దోపుకొని, బండిని నెట్టుకుంటూ దాటి మళ్ళీ ఎక్కడం కనబడుతుంది. బడిపిల్లలైతే గట్టు వదిలేసి లారీలు తిరిగే రోడ్డు మీదనే వెళుతున్నారు. ఇదివరకు మా వైపు ఒక రోడ్డు అంచున సైకిళ్ళ కోసం గీత గీస్తే, నెల తిరక్కుండానే దాని మీద బైకులు నిలిపారు. ఈసారి అలా కాకుండా ఉండాలంటే ఏమి చేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత ఇంజినీరు

అయ్యా, ముందు తేల్చుకోవలసింది నిధుల సంగతి కాదు, స్థలం సంగతి. కాలువ గట్టు జలవనరుల శాఖ అధీనంలో ఉంటుంది కనుక, ఆ శాఖ నిరభ్యంతర పత్రం లేకుండా నగరపాలక సంస్థ అక్కడ పని మొదలుపెట్టలేదు. పూడిక తీసే యంత్రం తిరగడానికి గట్టు మీద దారి ఉండాలన్నది వారి మొదటి షరతు అవుతుంది; ఆ బరువును తట్టుకునేలా దారి వేస్తామని మీరే ముందుగా రాస్తే సగం అభ్యంతరం తీరిపోతుంది. పడవల రాకపోకలను కూడా ఉద్దేశించి 1860ల్లో తవ్వించిన కాలువ ఇది. రవాణా దీనికి కొత్త కాదని అర్జీలో ఒక్క వాక్యం రాయండి.

నడకదారికి స్తంభాలు, మెట్లు అడ్డురాని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన. ఎదురెదురుగా వచ్చే సైకిళ్ళకు మరో 3 మీటర్లు అడగండి. నల్లరేగడి ఉన్న చోట నేరుగా కాంక్రీటు పోస్తే, వానకు ఉబ్బి ఎండకు బీటలువారే ఆ నేల రెండేళ్ళలో పలకలను విరగ్గొడుతుంది. గ్రావెల్ దట్టంగా పరచి, అణగదొక్కి, దాని మీద పేవర్ బ్లాకులు పరిస్తే చెడిన చోట మాత్రమే తీసి సరిచేయవచ్చు. చౌక అని నునుపు పట్టిన బేతంచెర్ల బండలు మాత్రం వేయించకండి, తడిస్తే సైకిలు జారుతుంది.

సమాధానం: పురపాలక లెక్కలు చూసినవారు

నిధులన్నీ ఒకే పద్దు నుంచి రావు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఉన్నాయి. దుమ్ము తగ్గించే పనులు, పచ్చదనం దాని పరిధిలోవి కనుక గట్టు చదును, చెట్లు ఆ పద్దులో అడగవచ్చు. పార్లమెంటు సభ్యునికి ఏటా 5 కోట్ల స్థానికాభివృద్ధి నిధి ఉంటుంది. ఆయన సిఫార్సు మీద జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది, కాబట్టి వీధిదీపాల వంటి విడిగా చూపగల పనికి అక్కడ అర్జీ ఇవ్వండి. అంచనాలో 18 శాతం జీఎస్టీ, 1 శాతం కార్మిక సెస్సు మరువకండి. ఇవి కలపని అంచనాతో బయలుదేరిన పని చివరి అర కిలోమీటరు దగ్గర ఆగిపోవడం నేను చూశాను.

అన్నిటికన్నా ముఖ్యం నిర్వహణ. ఊడ్చేవారి జీతం, చెట్లకు నీళ్ళు, మరమ్మతు ఏటా నగరపాలక సంస్థ బడ్జెట్‌లో ప్రత్యేక పద్దుగా ఉండాలని తీర్మానం కోరండి.

సమాధానం: ఘాట్ దగ్గరివారు

నిమజ్జనం నాడు ఆ ఘాట్ వద్దకు క్రేన్లు, లారీలు వస్తాయి. అక్కడ శాశ్వత కంచెలు, పూలతొట్లు పెడితే తొలి ఏడాదే నలిగిపోతాయి; ఊడదీసి మళ్ళీ బిగించగల ఇనుప స్తంభాలు చాలు, బైకులనూ అవే ఆపుతాయి. నీడ కోసం వేప, కానుగ నాటించండి. మన ఎండలకు నీడలేని దారిలో ఉదయం తొమ్మిది దాటితే ఎవరూ నడవరు.

తిరుగు సమాధానం: కర్నూలు వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం టేపు పట్టుకొని, గట్టు మీదికి మెట్లు కట్టుకున్న ఇళ్ళ దగ్గర ఎంత వెడల్పు మిగిలిందో మేమే కొలుస్తాము. మొదటి అర్జీ నగరపాలక సంస్థకు కాక జలవనరుల శాఖకే ఇస్తాము.